ఇంట్లో పాడకూడని పాట

పక్షవాతం లక్ష్ముడి కుడి చెయ్యీ కాలూ పట్టుకుంది, సరే. మాటను కూడా ఎందుకు పట్టుకుపోవాలి? నీలవేణికి ఒళ్ళు మండేది అక్కడే. నౌపడ అవతలి తీరంలో పెద్దవల లాగేటప్పుడు ముందుండి పాట అందుకునేది ఆమె మొగుడే. అతను ఒక ముక్క అంటే తాడు పట్టుకున్న వాళ్ళంతా ఐలేసా అనేవారు. అలాంటి మనిషికి ఇప్పుడు మిగిలింది ఒకే మాట. 'అది'. నీళ్ళు కావాలన్నా 'అది', కోపమొచ్చినా అది, పెళ్ళాన్ని పిలవాలన్నా అదే.

శ్రీకాకుళం ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి ఝాన్సీ. మొదటి రోజే అడిగింది, "మీ ఆయనకి బాగా వచ్చిన పాట ఏదమ్మా?"

నీలవేణి గొంతు తగ్గించి చెప్పింది. "వల పాటమ్మా. గానీ అది వల నీళ్ళలో ఉన్నప్పుడే పాడాల. ఇంట్లో పాడితే వల ఉత్తదే వస్తాదని మావోళ్ళ కట్టు."

"మాట పుట్టే చోటు మెదడులో ఎడమ పక్కన ఉంటుంది. దెబ్బ అక్కడే తగిలింది. పాటకి కుడి పక్క కూడా సాయం వస్తుంది. ఆ దారినే మాటను రప్పించాలి" అంది ఝాన్సీ. లక్ష్ముడి ఎడమచేతిని పట్టుకుని అతని తొడమీదే తాళంగా తట్టించి, ఐలేసా అంది. లక్ష్ముడు కళ్ళెత్తాడు. పాట మొత్తం తప్పు లేకుండా పాడేశాడు. నీలవేణి అక్కడే, అందరి ముందూ భోరున ఏడ్చింది.

ఆ వరసలోనే మాటలు ఇరికించి రోజూ పాడించమంది ఝాన్సీ. ఇంటికొచ్చాక నీలవేణి తలుపులు మూయలేదు. దొంగతనమా ఏమన్నా? పొద్దునా సాయంత్రమూ మొగుణ్ణి అరుగు మీద కూచోబెట్టి తొడ తట్టించేది. నీళ్ళు, ఐలేసా. అన్నం, ఐలేసా. 'అన్నం' తిన్నగా పలికిన రోజున రెండు ముద్దలు ఎక్కువ తినిపించింది.

ఖర్మకొద్దీ అప్పుడే చేప తగ్గింది. ఇంకేముంది, ఊరంతా నీలవేణినే ఆడిపోసుకుంది. ఒక సాయంత్రం కులపెద్ద జగన్నాధం వల మనుషులందర్నీ వెంటబెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"పాట ఆపించీ. నేకపోతే రేపటి నుంచి ఒడ్డున అమ్ముకోడానికి నీ గంపలో ఒక్క చేప కూడా ఎయ్యరు" అన్నాడు.

"గంప బోర్లించీసుకుంటాను మావా. పాట మాత్రం ఆగదు."

"నీతో ఏటి? ఒరే లక్ష్ముడూ, ఈ కట్టు గట్టిగా పట్టింది నువ్వే కదరా. పెళ్ళి ఊరేగింపులో ఎవడో వల పాట ఎత్తుకుంటే మైకు లాగీసి తన్నినోడివి. నువ్వే సెప్పు, ఆపాలా వద్దా?"

అది నిజమే. ఆ తన్నిన తన్ను ఊరంతా చూసింది.

"అది... అది..." అన్నాడు లక్ష్ముడు. వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. నోటిదాకా వచ్చిన మాటను నీలవేణి పళ్ళ బిగువున ఆపుకుంది. ఈ ఒక్క జవాబూ అతనే చెప్పాలి. చెప్పలేకపోతే రేపటి నుంచి ఊళ్ళో అతను మనిషి కింద లెక్క కాదు.

లక్ష్ముడి ఎడమచెయ్యి తొడ మీద పడింది. మళ్ళీ పడింది. ఒడ్డున లేచినట్టే గొంతు లేచింది.

"నా... నోరు..."

"ఐలేసా" అన్నారు వాకిట్లో ఉన్నవాళ్ళంతా. ఆలోచించి అన్నది కాదు. ఏళ్ళ తరబడి ఆ గొంతు వెనకే తాడు లాగిన ఒళ్ళు అవి. జగన్నాధం కేకే అందరికన్నా గట్టిగా వినిపించింది.

"నా... పాట..."

"ఐలేసా."

"ఆపను."

ఈసారి ఎవరూ పలకలేదు. ఏం చేశారో అప్పుడు తెలిసొచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నీలవేణి లోపలికెళ్ళి గంప తెచ్చి జగన్నాధం కాళ్ళ ముందు పెట్టింది. "వల నీళ్ళలో నేదు మావా, ఒడ్డున ఆరతన్నాది. పాట నువ్వూ పాడినావు. మరి మీ ఇంట్లో గంప కూడా బోర్లించీమంటావేటి?"

జగన్నాధం చెప్పులు వెతుక్కున్నాడు. అవి కాళ్ళకే ఉన్నాయి.

లక్ష్ముడి చెయ్యి ఇంకా తొడ మీద ఆడుతూనే ఉంది. "ఆపను" అన్నాడు మళ్ళీ, ఎవరూ అడక్కుండానే.