ఎదుటి కొట్టుకు ఇంకా బోణీ కాలేదు

మా నాన్న నఫీజ్ బేని తలుపు దగ్గరి కుర్చీలోంచి లేపే పని మా తమ్ముడు హల్దూన్ నాకు అప్పగించాడు. "నీ మాటైతే వింటాడక్కా" అన్నాడు. కష్టమైన పని నా నెత్తిన పెట్టేటప్పుడల్లా వాడనే మాటే అది. చిన్నప్పుడు ఎదురింటివాళ్ళ కిటికీ అద్దం పగలగొట్టి వచ్చినప్పుడూ ఇదే అన్నాడు.

మా బట్టల కొట్టు సెర్విలి పేరు తెలియనివాళ్ళు ఇవాళ ఇస్తాంబుల్‌లో ఉండరు. అంకారాలో మా కొట్టుంది, ఇజ్మీర్‌లో ఉంది, వేసవిలో డబ్బున్నవాళ్ళంతా వాలే బోద్రుమ్‌లోనూ ఉంది. మొదలైంది మాత్రం ఇస్తాంబుల్‌లోనే బేయోలు పేటలో, ట్రాము పట్టాల వెనక సందులో, ఇద్దరు లోపలికొస్తే మూడోమనిషి గుమ్మంలో నిలబడాల్సినంత చొక్కాల కొట్టుగా. నాన్న చొక్కాలు కుట్టేవాడు. పెళ్ళయ్యాక మా అమ్మ మువల్లా వాటికి గుండీలు కుట్టేది. విదేశీ సరుకు మీద ఆంక్షలు సడలిన రోజుల్లో, మా ఊరి గొప్పింటి ఆడవాళ్ళు పారిస్ నుంచి పెట్టెలకు పెట్టెలు మోసుకురావడం చూసి, "ఆ మోతేదో మనమే మోద్దాం" అన్నాడట నాన్న. ఇటాలియన్ ఒక్క ముక్క రాకుండా మిలానో వెళ్ళి, చేత్తో బట్ట నలిపి చూసి, చేతులతోనే బేరాలాడి, ఒప్పందాలు చేసుకుని వచ్చాడు. డబ్బున్నవాళ్ళ పేట నిశాంతాషిలో నాలుగంతస్తుల కొట్టు లేచింది. ఆ తర్వాత ఆగలేదు.

కొత్త బ్రాంచి తెరిచినప్పుడల్లా నాన్న గుమ్మంలో పొట్టేలును కోయించి మాంసం పేదలకు పంచేవాడు. దిష్టి తగలకుండా తలుపు మీద నీలం పూస వేలాడదీయించేవాడు. మొదటి అమ్మకం తనే చేసి, ఆ నోటు గడ్డానికి రాసుకుని, 'బరకత్', కలిసిరావాలి అని లోపల్లోపల అనుకుని జేబులో పెట్టుకునేవాడు. దేవుడు చల్లగా చూసినందువల్లే పెరిగామని ఆయన నమ్మకం. పొద్దస్తమానం మనం పరిగెత్తినందువల్ల పెరిగామని హల్దూన్ నమ్మకం. వాడి పరుగు నేను చూశాను కాబట్టి వాణ్ణి తప్పుపట్టలేను. కడుపులో పుండుతో, మజ్జిగ తాగి బతుకుతూ, మా కొట్లన్నిటినీ వాడు భుజాన వేసుకుని మోస్తున్నాడు.

ఈ ఏడాది తెరిచింది అన్నిటికంటే పెద్దది. కొత్త మాల్‌లో ఒక పక్కంతా, కింద నుంచి పై దాకా మాదే. కువైట్ నుంచి భాగస్వాములు వచ్చి చూస్తున్నారు. వాళ్ళకు నచ్చితే అక్కడ కూడా సెర్విలి తెరుచుకుంటుంది. పాలరాతి నేల మీద పొట్టేలేమిటని మాల్‌వాళ్ళు ఒప్పుకోలేదు. ఎక్కడో ఊరి బయట కోయించాం. నాన్న ముఖం గంటుపెట్టుకున్నాడు. ఆయన్ని బుజ్జగించడానికి, తలుపు పక్కనే పాత చొక్కాల కొట్టులోని కుర్చీ తెప్పించి వేయించాను. నిమ్మ కొలోన్ సీసా పట్టుకుని అందులో కూర్చుని, వచ్చినవాళ్ళ అరచేతుల్లో కాస్త పోసి, యోగక్షేమాలడుగుతూ ఉంటాడని. అంతవరకూ బాగానే ఉంది.

చిక్కంతా ఎదుటి కొట్టుతో వచ్చింది. అది ఇటలీవాళ్ళ చేతిసంచుల కంపెనీ. ఏళ్ళ తరబడి వాళ్ళ సంచులు మా కొట్లలోనే అమ్మాం. ఈ దేశంలో వాళ్ళకు పేరు తెచ్చిపెట్టిందే మేము. పేరొచ్చాక సంచులన్నీ వెనక్కి తీసుకుని, సరిగ్గా మా గుమ్మానికెదురుగా సొంత కొట్టు తెరిచారు. హల్దూన్ అటు నడిచేటప్పుడు ఆ వైపు తల కూడా తిప్పడు.

తెరిచిన మర్నాడు పొద్దున ఒకావిడ అత్తరు కొంది. బోణీ. ఆవిడ కార్డిస్తే నాన్న ఆ కార్డునే గడ్డానికి రాసుకుని మర్యాదగా తిరిగిచ్చాడు. ఆవిడ నవ్వింది. తర్వాత ఇంకొకావిడ వచ్చి చేతిసంచులెక్కడని అడిగింది. వేళ్ళకున్న ఉంగరాలు చూస్తేనే తెలుస్తోంది, వట్టి చేతుల్తో వెళ్ళే మనిషి కాదు. నాన్న ఆవిడ చేతుల్లో కొలోన్ పోసి, "మాకు బోణీ అయిందమ్మా. ఎదుటివాళ్ళకి ఇంకా కాలేదు. ముందు అక్కడ చూసి రండి" అన్నాడు.

ఆవిడ వెళ్ళింది. అక్కడే కొనుక్కుంది. కువైట్‌వాళ్ళు హల్దూన్ పక్కనే నిలబడి, పెద్దాయన ఏమన్నాడని అడిగారు. "ఏదో జోకు" అన్నాడు వాడు. వాడి చెవులు ఎర్రబడటం నేను చూశాను. మర్నాడూ అదే జోకు. ఆ మర్నాడూ అదే.

"నాన్నకి మతి తప్పిందక్కా" అన్నాడు హల్దూన్ నా గదిలో తలుపు వేసి. "ఇంకా ఆ సందులోనే ఉన్నాననుకుంటున్నాడు. నలుగురి ముందూ నవ్వులపాలవ్వడం నాకిష్టం లేదు. నేను కాకపోయినా ఆయన అవుతాడు. ఇంట్లో కూర్చోమను."

"ఆ కుర్చీ తీసేస్తే ఇంకేం మిగుల్తుందిరా ఆయనకి?"

"అందుకే నిన్ను చెప్పమంటున్నా."

కాదనలేకపోయాను. ఈమధ్య నాన్న నన్ను అప్పుడప్పుడు మువల్లా అని పిలుస్తున్నాడు. అమ్మ పోయి ఏళ్ళవుతోంది.

సాయంత్రం నాన్న ఇంటికి వెళ్ళేసరికి ఆయన వంటింట్లో పాత పేపరు పరుచుకుని బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు, రేపటి కోసం. టీ పోసిచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"నాన్నా, ఎదుటి కొట్టుకి జనాన్ని ఎందుకు పంపుతున్నావ్?"

"వాళ్ళకి బోణీ కాలేదు కనక."

"వాళ్ళు మన పొట్ట కొట్టినవాళ్ళు."

"నేను గరబెత్ ఉస్తా పొట్ట కొట్టలేదూ?" అన్నాడు బ్రష్షు ఆపకుండా. "ఆయన ఆ సందులో పేరుమోసిన చొక్కాల పనివాడు. నేను పోయిపోయి ఆయన గోడ పక్కనే చొక్కాల కొట్టు పెట్టాను. తాగే నీళ్ళు కూడా ఆయన్నే అడిగాను, సిగ్గులేకుండా. రోజులు గడిచిపోతున్నాయి, ఒక్కడూ నా గుమ్మం ఎక్కలేదు. ఓ పొద్దున ఒక పెద్దమనిషి కూతుర్ని వెంటబెట్టుకుని ఉస్తా దగ్గరికొచ్చాడు. ఉస్తా కత్తెర కిందపెట్టి, 'నాకు బోణీ అయింది, పక్కన కుర్రాడు ఈగలు తోలుకుంటున్నాడు, అక్కడికెళ్ళండి' అన్నాడు. ఈగలు తోలుకుంటోంది నేనే."

"తెలుసు నాన్నా. ఈ కథ మాకు చాలాసార్లు చెప్పావ్."

"ఆ కూతురెవరో చెప్పలేదు." ఇప్పుడు బ్రష్షు ఆగింది. "మీ అమ్మ."

అమ్మా నాన్నా ఎవరో చుట్టాలింట్లో టీకి పిలిస్తే కలిశారని మేము పుట్టినప్పట్నుంచీ వింటున్నాం. అదే అన్నాను.

"అలా చెప్పమని మీ అమ్మే అంది. అంగట్లో దొరికిన మొగుడంటే పదిమందీ నవ్వుతారని." ఆయన నవ్వాడు. బూటు ఎత్తి దీపం వెలుగులో చూసుకున్నాడు. తర్వాత, ఏమీ మారనట్టే, కిటికీ వైపు చూపించి అన్నాడు. "ఉస్తా కొట్టు తెరిచాడేమో చూడు, మువల్లా."

కిటికీలోంచి కనబడుతున్నది ఎదురింటి బాల్కనీ, ఆరేసిన దుప్పట్లు. హల్దూన్ అన్నది నిజమేనేమో అనిపించింది. అయినా ఆ నిగనిగలాడే బూట్లు చూస్తూ, రావద్దనే మాట నా నోట రాలేదు.

"రేపు రా నాన్నా. కాని ఎవర్నీ అటు పంపొద్దు."

ఆయన బూటు కింద పెట్టాడు. "హల్దూన్ మాటా?"

"ఇద్దరిదీ" అన్నాను.

"సరే" అన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

మర్నాడు ఆయన మాట తప్పలేదు. ఎవరో మేజోళ్ళు కొన్నారు, బోణీ అయింది. తర్వాత ఒకావిడ చేతిసంచి కావాలని వచ్చింది. నాన్న కొలోన్ పోశాడు, మా సంచులుండే వైపు చెయ్యి చూపించాడు, కూర్చున్నాడు. ఎదుటి కొట్టులో అమ్మాయిలు చేతులు కట్టుకుని ఖాళీగా నిలబడి ఉన్నారు. ఆయన అటు చూశాడు, చూపు తిప్పుకుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. ఎవరింటికో వచ్చి, ఎక్కువసేపు ఉన్నామేమోనని సందేహపడే చుట్టంలా కూర్చున్నాడు తన సొంత కొట్టులో. అది చూడటం నావల్ల కాలేదు. నన్ను నేను తిట్టుకున్నాను.

అంతలో ఒక కుర్రాడు కంగారుగా లోపలికొచ్చాడు. కొత్త సూటు, గీసుకున్న గడ్డం మీద చిన్న గాటు. పైనుంచి హల్దూన్ ఎస్కలేటర్ మీద దిగి వస్తున్నాడు. చూశాను. చూసి కూడా ముందుకెళ్ళాను.

"మాకు బోణీ అయింది బాబూ" అన్నాను, హల్దూన్‌కి వినబడేట్టు. "ఎదుటివాళ్ళకి ఇంకా కాలేదు. ముందు అక్కడ చూసి రండి."

హల్దూన్ ఆగిపోదామనుకున్నాడు గాని ఎస్కలేటర్ ఆగదుగా, తిన్నగా తెచ్చి మా ముందు దింపింది. వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి. వాడు నోరు తెరిచే లోపే నాన్న కొలోన్ సీసా కింద పెట్టాడు.

"పెర్రాన్, ఆయనకేం కావాలో అడిగావా?" అన్నాడు, ఈసారి నన్ను నా పేరుతోనే పిలిచి.

అడగలేదు.

"టై కావాలండీ" అన్నాడు కుర్రాడు, ముగ్గురినీ మార్చి మార్చి చూస్తూ. "సాయంత్రం పిల్లనడగడానికి వెళ్తున్నాం."

"విన్నావా?" అన్నాడు నాన్న నాతో. "ఎదుటివాళ్ళు ఇటలీవాళ్ళు. ఆడవాళ్ళ సంచులు తప్ప ఇంకేం అమ్మరు. పిల్లనడగడానికి ఈయన భుజానికి సంచి తగిలించుకుని వెళ్తాడా? సంచి కోసం వచ్చినవాళ్ళనే పంపాలి. అదీ వాళ్ళకి బోణీ అయ్యేదాకానే. అయ్యాక కూడా పంపితే మనం వ్యాపారం మూసుకోవాలి." హల్దూన్ వైపు తిరిగాడు. "నేనెప్పుడైనా రోజుకి రెండోమనిషిని పంపానా? నువ్వే చెప్పు."

పంపలేదు మరి. వెళ్ళిన ఆ ఒక్క మనిషినే వాడూ నేనూ చూశాం. తర్వాత రోజంతా వచ్చినవాళ్ళకు ఆయన మా సరుకే చూపించాడని ఇద్దరికీ గుర్తురాలేదు.

హల్దూన్ అరలోంచి ముదురు నీలం టై ఒకటి తీశాడు. కుర్రాడి కాలరు పైకెత్తి, నాన్న మాకు నేర్పిన పద్ధతిలో తనే ముడి వేశాడు. వాడు ఒక మనిషికి తన చేత్తో టై కట్టి ఎన్నేళ్ళయిందో.

"ముడి ఇంకాస్త చిన్నది చెయ్యి" అన్నాడు నాన్న కుర్చీలోంచి. "పిల్ల తండ్రి ముందు అదే చూస్తాడు."

వాడు విప్పి మళ్ళీ కట్టాడు. కుర్రాడు అద్దంలో చూసుకుని, ఊపిరి పీల్చుకుని, దీవించమని నాన్న చేతిని ముద్దు పెట్టుకుని వెళ్ళాడు. అతను వెళ్ళాక హల్దూన్ గుమ్మంలో నిలబడి, ఈ కొట్టు తెరిచాక మొదటిసారి, తల తిప్పి ఎదుటికి చూశాడు.

"వాళ్ళకి ఇంకా కాలేదా నాన్నా?"

"ఇంకా లేదు."

వాడు ఒంగి, నాన్న కూర్చున్న కుర్చీని ఆయనతో సహా తలుపుకి ఇంకా దగ్గరగా లాగాడు.

"ఇలా కూర్చో" అన్నాడు. "అక్కణ్ణించి నీకు సరిగ్గా కనబడదు."