అక్క క్లాసుకు కామెంటు

“పన్నెండు క్లాసులు అయ్యాయిరా! ఇంకా ముప్ఫై అయిదు ఉన్నాయి. శనివారం లోపల ఎలాగోలా లాగించేస్తాలే,” అని నేను ఫోనులో మా బావమరిదికి ధైర్యం చెబుతున్నప్పుడు మా మామగారు పక్కగదిలో పేపరు చదువుతున్నారు. మామగారికి ఎడమ చెవి వినిపించదు, కుడి చెవి వినిపించుకోదు. ఆ రెంటికీ మధ్య ఏ సందులోంచి దూరిందో గానీ, ఆయనకు చేరిన వార్త ఇది: అల్లుడు పొద్దుటి నుంచి పన్నెండు గ్లాసులు పట్టించాడు, శనివారానికి ఇంకో ముప్ఫై అయిదు పట్టిస్తానని ఎవరితోనో పందెం కాస్తున్నాడు.

ఆయన పేపరు మడిచి వంటింట్లోకి వెళ్లారు. అయిదు నిమిషాల్లో అత్తగారు వచ్చి, నా బల్ల మీదున్న గ్లాసు తీసి వాసన చూశారు.

“మంచినీళ్లేనండీ,” అన్నాను.

“చూడ్డానికి నీళ్లలాగే ఉండేవి కూడా ఉంటాయట,” అంటూ ఆవిడ గ్లాసు పట్టుకుపోయారు.

వాళ్ల ఇంట్లో నీళ్ల పైపులు మారుస్తున్నారని ఇద్దరూ మూడు వారాలుగా మా దగ్గరే ఉంటున్నారు. మా ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. “ఇంట్లో మందు గొడవ మొదలైందే” అని తల్లి ఫోను చేస్తే, “ఏ మందు అయిపోయిందమ్మా, సాయంత్రం తెస్తాను” అందట. “అయిపోవడం కాదే, అయిపోయేదాకా ఊరుకునేలా లేరు” అని ఆవిడ ఏడుపు. మధ్యాహ్నం భోజనానికి వచ్చాక గానీ మా ఆవిడకు సంగతి బోధపడలేదు.

“గ్లాసు కాదు నాన్నా, క్లాసు! క్లాసు!”

“ఈ వయసులో క్లాసులేమిటే? ఏ పరీక్ష తప్పాడు?”

“తప్పలేదు, రాస్తున్నారు. తమ్ముడి ప్రోగ్రాముకి.”

నా కష్టాలు అక్కడితో తీరాయనుకున్నాను. అసలు కష్టం నేను రాస్తున్న దాంట్లోనే ఉందని అప్పటికి నాకు తెలియదు.

మా బావమరిది పదేళ్ల క్రితం, ఖాళీగా ఉన్న రోజుల్లో, చిన్న చిన్న గ్రంథాలయాల కోసం ‘అల్మారా’ అని ఒక ప్రోగ్రాము రాశాడు. ఏ పుస్తకం ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగివ్వాలి, ఇవన్నీ అది చూసుకుంటుంది. ఉచితం. లోపలి రాత, అంటే కోడు కూడా తలుపులు తీసిన ఇల్లులాగా అందరికీ కనిపిస్తుంది. ఎవరైనా చదవచ్చు, బాగుచేసి పంపచ్చు. బడులు, వీధి గ్రంథాలయాలు కలిపి అరవైదాకా వాడుతున్నాయి. ఇప్పుడు వాడికి మంచి ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. చేరాక బయటి ప్రోగ్రాములేవీ ముట్టుకోకూడదని షరతు.

అల్మారాను చూసుకోవడానికి కొందరు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. వాళ్ల పెద్ద ఒక టీచరమ్మ. తన బడి గ్రంథాలయాన్ని దీంతోనే నడుపుతుంది. ఆవిడ పెట్టిన నియమం ఒకటే. ప్రోగ్రాములో ఒక్కో పనికి ఒక్కో ముక్క ఉంటుంది, దాన్నే క్లాసు అంటారు. నలభై ఏడు క్లాసులకూ, ఒక్కోదాని నెత్తిన, అది ఏం చేస్తుందో, ఏం చేయదో మనిషికి అర్థమయ్యే మాటల్లో కామెంటు ఉండాలి. శనివారం పది గంటలకు అన్నీ ఉంటే తీసుకుంటారు. లేకపోతే అల్మారాకు తాళం. ఉన్నది ఉన్నట్టు ఉంటుంది గానీ, పాడైతే బాగుచేసే నాథుడు ఉండడు. వాడి పదేళ్ల పని, అరవై చోట్ల అటక ఎక్కుతుంది.

బావమరిదికి కోడు రాయడం వచ్చు, వాక్యం రాయడం రాదు. పదేళ్లలో వాడు రాసిన కామెంటు ఒక్కటే: ‘ఇది ఇక్కడ ఉండాలి. తీస్తే చూసుకోండి.’ నేనేమో ఇరవై రెండేళ్లపాటు మిక్సీలకూ ఫ్యాన్లకూ పెట్టెలో పెట్టే వాడుక కాగితాలు రాసినవాణ్ణి. ‘మిక్సీ తిరుగుతుండగా చేయి పెట్టరాదు’ అన్న అజరామరమైన వాక్యం నాదే. కోడంటే మాత్రం నాకు తెలియదు. నాకు తెలిసింది కోడి. దానికి గుడి పీకి కొమ్ము తగిలిస్తే కోడు అవుతుందనేంతవరకే నా పరిజ్ఞానం.

“చదవలేనురా బాబూ,” అన్నాను మొదటిరోజే.

“చదవక్కర్లేదు బావా. నువ్వు అడుగు, నేను చెప్తా. నువ్వు తెలుగు చెయ్యి,” అన్నాడు వాడు.

వాడు చెప్పేది వినాలి. ‘నాన్న’ అనే క్లాసు ఏం చేస్తుందిరా అంటే, “చెక్ చేస్తుంది” అంటాడు. ఏం చెక్ చేస్తుందిరా అంటే, “చెక్ చేయాల్సినవి” అంటాడు.

అవును, నాన్నే. వాడికి అప్పట్లో పేర్లు తోచక, క్లాసులన్నిటికీ ఇంట్లోవాళ్ల పేర్లు తగిలించాడు. నాన్న, అమ్మ, తాతయ్య, పెద్దమ్మ, మేనత్త, చిన్నాన్నలు ముగ్గురు. బంధుగణమంతా అల్మారాలో కాపురం ఉంటున్నారు. ఆ సంగతి తెలిశాక నాకు పని నల్లేరు మీద బండిలా సాగింది. వీళ్లందరితో పాతికేళ్లుగా వేగుతున్న అల్లుణ్ణి నేను! నాకు ఒకరు చెప్పాలా?

‘నాన్న: కార్డు లేనివారిని లోపలికి రానివ్వడు. ఒకసారి కాదన్నాక ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.’ చదివి వినిపిస్తే బావమరిది ఫోనులో పకపకా నవ్వి, “కరెక్ట్ బావా, అక్షరం మార్చక్కర్లేదు” అన్నాడు.

‘తాతయ్య: ఎప్పుడో పోయిన పుస్తకాలను కూడా గుర్తుపెట్టుకుంటాడు. అడిగితేనే చెబుతాడు, అడిగితే మాత్రం అంతా చెబుతాడు.’ అదీ సరిగ్గా సరిపోయింది.

‘పెద్దమ్మ: ఒకరు అడిగిన పుస్తకం ఇంకొకరి దగ్గరుంటే, ఎవరి తరవాత ఎవరో వరస తేలుస్తుంది.’ మా పెళ్లిలో భోజనాల దగ్గర ఆవిడ చేసింది అదే.

‘బావ’ అని కూడా ఒకటుంది. అది ఏం చేస్తుందని అడగడానికి కొంచెం మొహమాటపడ్డాను.

“సందేశాలు పంపిస్తుంది బావా. తను ఏ పనీ చెయ్యదు. ఎక్కడ ఏం జరిగినా పదిమందికీ చెప్తుంది.”

“ఒరేయ్!”

“మరి అడిగావుగా!”

ఉన్నదున్నట్టే రాసుకున్నాను. రోజుకు పన్నెండు చొప్పున సాగుతుంటే నాకు ఉత్సాహం పెరిగింది. పెరిగి పెరిగి, బుధవారానికల్లా ఫోను చేయడం కూడా మానేశాను. పేరు చూడటం, మనిషిని తలుచుకోవడం, రాసేయడం. అలా రాసినవాటిలో ‘అక్క’ ఒకటి.

అక్కంటే మా ఆవిడే కదా. ఆ క్లాసు పని గడువు తేదీలు చూడటమని ముందే తెలుసు. ఇక గడువుల విషయంలో మా ఆవిడ గురించి నాకంటే తెలిసినవాడెవడు? షాపులో తేదీ దాటిన మాత్ర ఆమె చేతిలో క్షణం నిలవదు. ఇంట్లో కరెంటు బిల్లు ఆఖరి రోజుదాకా ఆగితే, ఆ రోజు దీపాలకంటే ముందు నా మొహం ఆరిపోతుంది. గడువంటే ఆమెకు గొడవే. అందుకని, రెండో ఆలోచన లేకుండా రాశాను: ‘అక్క: గడువు దాటిన మరుక్షణం ఆపేస్తుంది. ఒక్కరోజు కూడా ఉపేక్షించదు. పుస్తకం తిరిగిచ్చేదాకా ఇంకో పుస్తకం ఇవ్వదు.’ రాసి, మురిసి, పంపేశాను.

బావమరిది ఆ రోజు వచ్చిన ఇరవై కామెంట్లలో దాన్నీ ఒకటిగా చూసి, ‘సరే’ కొట్టేశాడు.

గురువారం, స్వచ్ఛంద బృందంలో ‘చీపురు’ అని పేరు పెట్టుకున్న కుర్రది అల్మారాను ఊడవడానికి దిగింది. పాత చెత్త ఎక్కడున్నా ఏరి శుభ్రం చేయడం ఆమె పని. అక్క దగ్గరికి వచ్చేసరికి కామెంటు ఒకటి చెబుతోంది, కోడు ఒకటి చేస్తోంది. ఆమె కామెంటు మాట నమ్మి, కోడును దిద్దింది. బావమరిది దానికీ ‘సరే’ కొట్టాడు. సోమవారం ఉద్యోగం గుండెల్లో పెట్టుకున్నవాడు ఇంకేం చూస్తాడు?

శుక్రవారం మధ్యాహ్నం టీచరమ్మ కొత్త అల్మారాను తన బడిలో పెట్టి చూసుకుంది. పరీక్షల వారం అయిపోయి, పాత పుస్తకాలకు గడువు రెండు మూడు రోజులు దాటిన పిల్లలు కొత్తవాటి కోసం ఒకేసారి గ్రంథాలయం మీద పడ్డ రోజు. ఎనభై ముగ్గురు వరసలో నిలబడ్డారు. ఎనభై ముగ్గురికీ అక్క ‘ఇవ్వను’ అంది.

సాయంత్రం ఆవిడ దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చింది: ‘రేపు పదింటికి మాట్లాడదాం. తీసుకోవాలా వద్దా అన్నది అప్పుడు చూస్తాను.’

“ప్రోగ్రాములో పెద్ద బగ్గు వచ్చిందమ్మా” అని బావమరిది తల్లికి ఫోను చేస్తే ఆవిడ నా మీద బగ్గుమన్నారు. “వాడి పదేళ్ల కష్టం అండీ! మీ చేతిలో పెట్టాడు.”

శనివారం పదింటికి మా భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి కూర్చున్నాం. తెర మీద నాలుగు కిటికీలు: టీచరమ్మ, బావమరిది, చీపురు, మేము. మాదొక్కటే జనంతో కిక్కిరిసిన కిటికీ. నా వెనక మా ఆవిడ, అత్తగారు, మామగారు వరసగా నిలబడ్డారు.

“అసలు అక్కని ముట్టుకోమని నీకెవరు చెప్పారు?” అన్నాడు బావమరిది, చీపురుతో.

“కామెంట్లో ఉన్నట్టే చేశానన్నా. కోడ్‌లో ఎక్కడ చూసినా ప్లస్ ఏడు, ప్లస్ ఏడు అని ఉంది. ఎందుకో ఎక్కడా రాసిలేదు. కామెంటేమో తీరిగ్గా, బుద్ధిగా రాసినట్టుంది. నువ్వే నిద్రమత్తులో రాశావేమో అనుకున్నా.”

“ఆ ఏడేమిటి?” అంది టీచరమ్మ.

“ఏడు రోజులండీ,” అన్నాడు బావమరిది. “గడువు దాటాక ఏడు రోజులు అక్క చూసీచూడనట్టు ఊరుకుంటుంది.”

“మరి కామెంటులో ఒక్కరోజు కూడా ఉపేక్షించదని ఉందే? ఎవరు రాశారు?”

చీపురు తల దించుకుంది. ఆ పిల్ల మీదికి పోతోంది తప్పు. ఇక మాట దాచుకోవడం పద్ధతి కాదనిపించింది.

“నేనండీ. కోడు చదవలేదు. చదవడం రాదు. వాణ్ణి అడగనూ లేదు. మనిషిని చూసి రాసేశాను.”

“ఏ మనిషిని?”

మా ఆవిడ వైపు వేలు చూపించాను. టీచరమ్మ కళ్లజోడు సరిచేసుకుంది.

“అంటే... నలభై ఏడు కామెంట్లూ మీ చుట్టాల మీదేనా?”

మామగారు వెంటనే, “నా గురించి ఏం రాశాడే?” అని అత్తగారిని గట్టిగా అడిగారు. చీపురు నవ్వు ఆపుకోలేక మైకు కట్టేసుకుంది.

టీచరమ్మ కాగితం, కలం దగ్గరికి లాక్కుంది. “సరే. ఒక్కోటీ మీరు పైకి చదవండి సార్. మీ బావమరిది కోడ్ చూసి అవునో కాదో చెప్తాడు. తప్పులు ఎక్కువైతే ఇక్కడితో ఆపేద్దాం. నేను మొహమాటానికి తీసుకోను.”

చదివాను. రెండు గంటలు పట్టింది. అత్తగారు మధ్యలో తేనీరు తెచ్చారు, గ్లాసుల్లోనే. నాన్న పరీక్షకు నిలబడ్డాడు. తాతయ్య, పెద్దమ్మ నిలబడ్డారు. మూడో చిన్నాన్న దగ్గర బావమరిది, “కాదు బావా, ఆయన తీసుకున్నవి తిరిగిచ్చేస్తాడు. అసలు చిన్నాన్న ఇవ్వడనుకో, కోడ్‌లో ఇస్తాడు” అన్నాడు. దిద్దాను. మేనత్త కూడా కొంత తప్పింది. అక్కతో కలిపి మూడు. తక్కినవన్నీ అక్షరాలా సరిపోయాయి.

“మూడు ఫరవాలేదు,” అంది టీచరమ్మ. “అయితే ఒక పని చేయండి. ఇది ఎలా జరిగిందో బృందంలో అందరికీ తెలిసేలా నాలుగు ముక్కలు రాసి పెట్టండి, ఆ పిల్లని ఎవరూ అనకుండా. దాని కిందే నా పేరు పెట్టి తీసుకుంటాను.”

బావమరిది కిటికీలో రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆవిడ తెర దగ్గరికి వంగింది.

“ఏరా, ఆ ఏడు రోజులు... మన బడి గ్రంథాలయంలో నువ్వు లేటు చేసిన పుస్తకాలేనా?”

“అవునే. పుస్తకాలిచ్చే బల్ల దగ్గర నువ్వేగా ఉండేదానివి. వారం రోజులు ఎవరికీ చెప్పేదానివి కాదు.”

నేను మా ఆవిడని చూశాను. పాతికేళ్లలో ఆమె నాకు ఒక్కరోజు గడువు ఇచ్చిన జ్ఞాపకం లేదు. ఆ మాటే అంటే, “వాడప్పుడు మూడో తరగతండీ. మీకు యాభై మూడు” అంది.

అప్పుడు నేను రాసి, అందరికీ పంపించింది ఇది:

‘బృందానికి మనవి. అక్క క్లాసు విషయంలో జరిగిన పొరపాటు చీపురుది కాదు, నాది. కోడు రాసినవాడు వాళ్లక్కను చూసి రాశాడు. కామెంటు రాసిన నేను నా భార్యను చూసి రాశాను. మనిషి ఒకరే అయినా, ఇద్దరం చూసింది ఒకటి కాదు. కోడు చదవకుండా, అడగకుండా రాయడం నా తప్పు; కామెంటును నమ్మడం ఆమె తప్పు కాదు, నమ్మడానికే కామెంటు ఉన్నది. పాత కోడు తిరిగి పెట్టేశాం. కామెంటు ఇలా మార్చాం: అక్క, గడువు దాటాక ఏడు రోజులు చూసీచూడనట్టు ఊరుకుంటుంది. ఎనిమిదో రోజు మాత్రం ఊరుకోదు. (ఈ చివరి వాక్యం అక్క స్వయంగా చెప్పి రాయించింది.)’