మంచు తెచ్చిన ఒడ్డు

కొండల మీద మేసే గొర్రెలను దించే రోజులు దగ్గరపడితే రాన్‌వేగ్ ఏటా ఒకసారి మంచు అంచు దాకా ఒక్కతే నడిచి వెళ్ళేది. వెంట వస్తామని ఎవరూ అనేవారు కాదు. ఆమె ఎందుకు వెళ్తుందో చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలుసు.

ఆమె తమ్ముడు ఈస్లేవ్, చాలా ఏళ్ళ కిందట, మందలో తగ్గిన గొర్రెలను వెతుక్కుంటూ ఆ మంచు మీదికి ఎక్కి తిరిగి రాలేదు. అప్పుడతనికి ఇరవై నిండలేదు. వెతకబోయినవాళ్ళకు ఒక పగులు అంచున అడుగుజాడలు ఆగిపోయి కనిపించాయి. దించిన తాడు అడుగుకు అందలేదు.

ఆ కొండ మీది మంచు చూడడానికి రాయిలా ఉంటుంది గాని, ఏటికేడు కిందికి జరుగుతూనే ఉంటుంది. లోపల పడ్డది ఎప్పటికో ఒకప్పటికి కొసన బయటపడుతుంది. వాళ్ళ తాత కాలంలో పడిపోయిన గుర్రం తండ్రి కాలంలో జీనుతో సహా బయటికి వచ్చింది. రాన్‌వేగ్ ఆ జీనును కళ్ళారా చూసింది. ఆమె కోరిక పెద్దదేమీ కాదు. తమ్ముణ్ణి చర్చి పక్కన, అమ్మ దగ్గర పడుకోబెట్టాలి. పెళ్ళి మాటలు వచ్చినప్పుడు కూడా ఆమె తాముండే నెస్ పొలం వదిలి వెళ్ళలేదు. వాడు బయటికి వచ్చేసరికి గుర్తుపట్టేవాళ్ళు ఒకరైనా ఉండాలి కదా అనుకుంది.

అయితే ఆ మంచు కింద కట్లా ఉంది. ఆ అగ్నిపర్వతం చివరిసారి లేచింది రాన్‌వేగ్ పుట్టిన ఏడాదే. అది లేస్తే నెత్తిమీది మంచంతా కరిగి ఒక్క ఊపున సముద్రంలోకి పోతుంది. అందుకని ఆమె రోజూ ప్రార్థన చివర దానితో కూడా ఒక మాట చెప్పేది. ఇంకొన్నాళ్ళు పడుకో, అని.

ఆ ఏడాది గొర్రెలను దించి, దొడ్డిలో చెవి కోతలు చూసి ఎవరివి వాళ్ళు వేరు చేసుకుంటున్నారు. పక్క పొలం సిగ్వాత్ గట్టు మీద కూర్చుని పొడుం పీలుస్తున్నాడు.

“అక్కా, మీ పొట్టేలు మా వైపు దూరింది. మా గడ్డి రుచి మరిగినట్టుంది.”

“మీ గడ్డి తిని లావెక్కిన జీవాన్ని నేనింతవరకు చూడలేదు. చెవి చూసి మాట్లాడు.”

అతను వంగి చెవి పట్టుకున్నాడు. అంతలో కాళ్ళ కింద నేల వణికింది. గొర్రెలన్నీ ఒక్కసారిగా అరుపు ఆపేశాయి. ఉత్తరాన, మంచు మీద, నల్లటి పొగ నిలువునా లేచింది.

అందరూ అందిన గుర్రాలెక్కి గుట్ట మీదికి చేరారు. కాసేపటికి వరద వచ్చింది. దాన్ని నీళ్ళనడానికి లేదు. బురద, ఇసుక, ఇళ్ళంతేసి మంచుగడ్డలు ఒకదాన్నొకటి తోసుకుంటూ సముద్రం వైపు పోతున్నాయి. రాన్‌వేగ్ ఒక్కో గడ్డనూ కళ్ళతో పట్టుకోబోతోంది. ఒకటి దాటేలోగా పది వస్తున్నాయి.

“పదక్కా, బూడిద పడుతోంది,” అన్నాడు సిగ్వాత్.

“వాడు అందులో ఉన్నాడు.”

“ఉంటే ఉన్నాడు. నువ్వు పద.”

చివరికి ఆమె గుర్రం కళ్ళెం అతనే పట్టుకుని నడిపించుకుపోయాడు. వారాల తరబడి పగలు కూడా దీపాలు పెట్టుకున్నారు. ఆ చలికాలం రాన్‌వేగ్ ప్రార్థన త్వరగా ముగించేది.

వసంతంలో చూస్తే సముద్రం దూరం జరిగింది. మునుపు అలలు కొట్టిన చోట వరద తెచ్చిన నల్లటి కొత్త ఇసుక పరుచుకుని ఉంది. పొలాల మధ్య హద్దుకొయ్యలు ఒక్కటీ మిగల్లేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చింది ఏదైనా ఆ ఒడ్డు ఎవరిదైతే వాళ్ళకే చెందుతుంది. చెట్లు లేని ఆ సీమలో ఇళ్ళకు వాసాలు కావాలన్నా సముద్రం తెచ్చే మానులే దిక్కు. ఈ విషయంలో సిగ్వాత్ ఎంత పట్టుదల మనిషంటే, ఒకసారి హద్దుకు అడ్డంగా పడిన మానును సరిగ్గా గీత మీద రంపంతో కోసి, తన ముక్క తాను మోసుకుపోయాడు.

అలాంటివాడు ఒక ఉదయం నెస్ గుమ్మంలో నిలబడ్డాడు.

“కొత్త హద్దు వేశాను. వచ్చి చూసుకో.”

“నువ్వు వేశాక చూసేదేముంది? ఓ పది బారలు లాగేసి ఉంటావు.”

ఎప్పుడూ మాటకు మాట అంటించే సిగ్వాత్ టోపీ చేతిలో పట్టుకుని ముందు నడిచాడు.

ఇసుకలో కొయ్య పాతి ఉంది. దానికి ఇవతల, నెస్ వైపున, ఒక కర్ర సగం బయటికి తవ్వి ఉంది. మంచు మీద నడిచేటప్పుడు పట్టుకునే కర్ర. కొసన ఇనుప మొన తుప్పు పట్టింది. పిడి దగ్గర రెండు గీతలు, ఒక చుక్క. నెస్ ఒడ్డుకు వచ్చే మానుల మీద వేసే ముద్ర. ఆ ముద్ర కోసం ఇనుము కాల్చి తమ్ముడి చేతికి ఇచ్చింది రాన్‌వేగే.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. తలెత్తి చర్చి కప్పు వైపు, వెనక కొండ సందు వైపు చూసింది. తరతరాలుగా ఆ రెండూ ఒక వరుసలోకి వచ్చే చోటే హద్దు.

“సిగ్వాతూ, కొయ్య తప్పు పాతావు. ఇది నీ ఒడ్డు.”

“పాతవి కొట్టుకుపోయాయి. నాకిలాగే కనిపించింది.”

“నీ కళ్ళకేమైంది?”

“బూడిద పడింది.”

ఆమె కర్ర మీది ఇసుకను బొటనవేలితో తుడిచింది. “ఇంకేమైనా...”

“చుట్టూ నిలువు లోతు తవ్వాను అక్కా. ఏమీ లేదు.” అతను సముద్రం వైపు తిరిగాడు. “ఈ ఇసుక కూడా ఎన్నాళ్ళో ఉండదు. వెనకటిసారి వచ్చింది అలలే కోసుకుపోయాయని మా నాన్న చెప్పేవాడు. కర్రను మీ అమ్మ పక్కన పూడ్చుదాం. పాదిరితో నేను మాట్లాడతాను.”

“కర్రకు ప్రార్థనెందుకురా? ఆయన్నే ఇక్కడికి రమ్మను.”

“ఇక్కడికి వచ్చి ఎక్కడ నిలబడి చదువుతాడు?”

ఆమె చేయి చాచి దూరాన నల్లరాళ్ళను చూపించింది. “అక్కణ్ణుంచి నీ కొయ్య దాకా. మావాడు ఎక్కడో ఒకచోట ఉంటాడు.”

సిగ్వాత్ అటు చూశాడు, ఇటు చూశాడు.

“నా వైపు ఉంటే?”

అతను వెళ్ళి కొయ్యను అటూ ఇటూ ఊపి పీకాడు, భుజాన వేసుకున్నాడు.

“రెండు ఒడ్లూ తిరగాలంటే ఆయనకు నడక ఎక్కువవుతుంది. గుర్రం మీద రమ్మంటాను,” అని చర్చి వైపు బయల్దేరాడు.

అతని వెనక వెళ్దామని ఆమె కర్ర పట్టుకుని లేచింది. నల్లటి ఇసుక ఎటు చూసినా ఒకేలా ఉంది. ఎక్కడ అడుగు వేస్తే తమ్ముడి మీద పడుతుందో తెలియక అలాగే నిలబడిపోయింది.