నిలువునా ఎండిన చెట్లు

అడవిలో గొడ్డలి చప్పుడు వినబడిందని ఆదినారాయణ వేళ్లు విరగ్గొట్టారు. ఫారెస్టు రేంజరు అతని కుడిచెయ్యి మొద్దు మీద పెట్టించి, గొడ్డలి తిరగేసి గార్డు చేత కొట్టించాడు. గూడెమంతా నిలబడి చూసింది. అతని పెళ్లాం భీమక్కా చూసింది.

చెట్లు నరికి పోడు కొట్టకపోతే గంజి ఎక్కడిది? భయం మనిషిని ముడుచుకునేలా చేస్తుంది, బుర్రకు మాత్రం పదును పెడుతుంది. భీమక్క కొడవలితో చెట్టు మొదట్లో చుట్టూ బెరడు ఒలిచి, గాయం కనబడకుండా ఆ మేర బురద మెత్తింది. చప్పుడే లేదు. వేసవికల్లా చెట్టు నిలువునా ఎండింది. నిప్పు పెడితే సరి. నమ్మకమైన నాలుగిళ్లకే ఈ పని నేర్పింది. మూలికల కోసం ఒంటరిగా తిరిగే ముసలి ముత్తక్క ఒకనాడు చూసింది.

“ఒట్టి బురద రాలిపోతది పిల్లా. పేడ కలుపు,” అని తన దారిన పోయింది.

వాగు అవతల పొలాలన్నీ చేజిక్కించుకున్న వెంకటరామారావు గూడెం పోడు కొట్టే కొండవాలు మీదా కన్నేశాడు. ఒక పొద్దున రేంజరుతో వచ్చాడు. పొదచాటున ఉన్న భీమక్కకు వాళ్ల మాటలు వినబడ్డాయి. రేంజరు బూటుతో చెట్టు మీది బురద గీకి నవ్వాడు.

“కేసు పెడితే నలుగురు పోతారు, మిగతావాళ్లు సంఘం కడతారండీ,” అన్నాడు రావు. “భయపెట్టి వదిలేద్దాం. అందరూ వాళ్లంతట వాళ్లే ఖాళీ చేస్తారు.”

రావు తిన్నగా గూడెం పెద్ద జంపయ్య దగ్గరికి పోయి చెవిలో వేశాడు. “చెట్లు నిలబడి చస్తున్నాయి పెద్దా. అడవిలో ఒంటరిగా తిరిగేదెవరో చూసుకో. రేపు పిల్లలు ఎండిపోతారు.”

ఆ వారమే ఒక పసిబిడ్డ జ్వరంతో పోయింది. ఇంకేముంది! కాన్పులకు ముత్తక్కనే పిలిచిన ఇళ్లు ఆమెకు చేతబడి అంటగట్టాయి. కొందరు మూటాముల్లె సర్దుకున్నారు.

ముత్తక్కను గుంజకు కట్టేశారు. పళ్లు పీకితే మంత్రం పారదని జంపయ్య పట్టకారు తెచ్చాడు.

“చెప్పు! చెట్లను చంపుతున్నదెవరు?”

ముత్తక్క చూపు భీమక్క మీద ఆగింది. ఒక్క పేరు చెబితే బతికిపోయేది.

“నేనే,” అంది.

మొగుడికి మిగిలిన ఆ ఒక్క చెయ్యీ పోతుందని భీమక్క నోరు మూసుకుంది. సిగ్గులేని మౌనం అది. ఒక పన్ను ఊడింది. రెండోది విరిగి సగం చిగుళ్లలోనే ఉండిపోయింది. రక్తం చీర మీదికి కారింది. ఇక భరించలేక భీమక్క అరిచింది.

“ఆపు కాకా! చంపింది నేను! గీ కొడవలితోని!”

చెట్ల దగ్గరికి లాక్కుపోయి బురద రాల్చి చూపింది. రావు, రేంజరు అనుకున్నదంతా చెప్పింది.

“గిప్పుడా చెప్పేది?” అన్నాడు జంపయ్య. “జల్దీ చెప్తే ఏమయితుండె?”

“భయమయింది కాకా.”

“మాకు కాలేదా? భయపడే గదా పీకినం?” అంటూ ఒక ఆడమనిషి నేల మీద కూలబడింది.

పుండు చీము పట్టింది. నాలుగో రోజు ముత్తక్క చచ్చిపోయింది. పాడె ఊరవతలికి పోలేదు, రేంజాఫీసు గడప మీద దిగింది. ముందు జంపయ్య, వెనక గొడ్డళ్లతో గూడెమంతా. లోపల రావు కాఫీ తాగుతున్నాడు. బయట పోలీసు జీపు ఉంది.

“శవం తీసేయండి. ఎవరి మీదా కేసు ఉండదు,” అన్నాడు రేంజరు.

“నా మీద పెట్టు,” అన్నాడు జంపయ్య. “పీకింది నేను. పీకించినోడు లోపల కూసున్నడు. ఆయన్ను గూడ పట్టుకో.”

ఆ పోలీసులు రావును ముట్టుకుంటారా! జంపయ్యకు, భీమక్కకు బేడీలు వేశారు. ఆదినారాయణ విరిగిన చేతితోనే పాడె కొమ్ము పట్టుకున్నాడు.

“అవ్వను మా పోడులనే పాతిపెడతం,” అన్నాడు. “పొద్దుగూకేదాక చెట్లు కొడతం. చప్పుడు ఇనబడితది, రాండ్రి.”

పట్టపగలు గొడ్డళ్లు భుజాన వేసుకుని అందరూ వాలు వైపు నడిచారు. రేంజరు లోపలికి పోయి తలుపు గడియ పెట్టుకున్నాడు.