కుంగిన కుర్చీ

ఆడవాళ్ళ విభాగంలో పొద్దున్నే మొదటి పని చేతులు కడుక్కోవడం, సాయంత్రం చివరి పని కుర్చీలు తడిమి చూడటం. ఈ రెంటి మధ్యా చిన్న డాక్టరమ్మ చేసేదల్లా అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ అడగడం. "ఎన్నాళ్ళ నుంచి? నొప్పి పదిలో ఎంత? ఇంకేమైనా చెప్పాలా?" కూరగాయలు బేరమాడే గొంతులో ఇంతకంటే ప్రాణం ఉంటుంది.

ఆమె చదువు ఎప్పుడో అయిపోయింది. పెళ్ళీ అయింది. కానీ స్త్రీల వైద్యంలో ఇంకాస్త పట్టు రావాలని ఫెలోషిప్‌లో చేరడంతో మళ్ళీ అందరికంటే చిన్నదైపోయింది. చేరిన కొత్తలో ఒక కాన్పులో బిడ్డ దక్కలేదు. ఆ రోజు మందుల గదిలో తలుపేసుకుని ఏడ్చింది. రెండోసారి అలా జరిగితే ఏడవడానికి తీరిక చిక్కలేదు. ఆ తర్వాత ఏడుపే రాలేదు, కొన్నాళ్ళకి నవ్వు కూడా మానేసింది. "రాటుదేలావు, మంచిదే" అన్నారు తోటి డాక్టర్లు. పన్ను పీకేముందు ఇంజెక్షనిస్తే దవడ ఎలా ఉంటుందో, ఆమెకి ఒళ్ళంతా అలా ఉండేది. బాధ లేదు కదా, ఇంకేం కావాలి అనుకుంది.

కుర్చీల సంగతి ఆ ఆసుపత్రిలో అందరికీ తెలిసిందే. నోరు తెరిచి చెప్పుకున్న బాధ ఆ మనిషితోపాటే లేచి వెళ్ళిపోతుంది. చెప్పుకోనిది కుర్చీలో ఉండిపోతుంది. మనిషి వెళ్ళినా మెత్త కుంగే ఉంటుంది, చెయ్యి పెడితే వెచ్చగా తగుల్తుంది. వేరేవాళ్ళు అందులో కూర్చోబోయి, "అయ్యో, ఎవరో ఉన్నట్టున్నారు" అని లేచి నిలబడతారు. సొంతదారు వచ్చి కూర్చుంటే మాత్రం హాయిగా సరిపోతుంది. అందుకే సాయంత్రంపూట ఫెలోషిప్ డాక్టరు హాల్లో కుర్చీలన్నీ తడమాలి. వెచ్చగా ఉన్నవాటి సొంతదారుల్ని వెతికి పిలిపించాలి, వాళ్ళు దాచింది చెప్పించాలి, దానికి వైద్యం జరిగాక మెత్త మళ్ళీ లేస్తుంది.

కిటికీ పక్క కుర్చీ కుంగిపోయి చాలా రోజులైంది.

"ఇంకా దొరకలేదా?" పెద్ద డాక్టరమ్మ వేలితో మెత్త నొక్కి చూసింది. "నిన్నటికంటే లోతైంది."

"పిలుస్తున్నాను మేడమ్. ఎవరిదీ కాదంటున్నారు."

"ఆ మూల కుర్చీ చూశావుగా?"

చూసింది. ఆ మూల కుర్చీకి మెత్తే లేదు, వట్టి చెక్క. కిందటేడు అదీ ఇలాగే రోజురోజుకీ కుంగింది. ఎవరిదో తేలేలోపే ఆ మనిషిని అంబులెన్సులో తీసుకొచ్చారు, దక్కలేదు. ఆ రోజు నుంచి దానిమీద ఎన్ని మెత్తలేసినా నిలవలేదు.

"ఇది కూడా అలా కాకూడదు. ఎవరో ఒకావిడ ప్రాణమమ్మా ఇది" అంది పెద్ద డాక్టరమ్మ.

చిన్న డాక్టరమ్మ "సరే మేడమ్" అంది. ప్రాణం అన్న మాట కూడా ఆమెకి చెవి దగ్గరే ఆగిపోయింది. అయినా పనిలో లోటు చెయ్యలేదు. తను చూసి పంపిన ఆడవాళ్ళందరికీ వరసబెట్టి ఫోన్లు చేసింది. "అంతా బావుందన్నారుగా, మళ్ళీ ఎందుకు రమ్మంటున్నారు, నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు" అని ఒక దర్జీ ఆవిడ గోల పెట్టింది. వచ్చి, కుర్చీలో ఇలా కూర్చుని అలా లేచి, "నాది కాదు తల్లీ, బతికించావు" అని చెంగున వెళ్ళిపోయింది. ఎంతమందిని కూర్చోబెట్టినా ఇదే తంతు.

మధ్యాహ్నంపూట ఆమె అత్తగారు క్యారేజీ తెచ్చేది. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. కొడుకు ఓడలో ఇంజనీరు, సొంతింటికే చుట్టపుచూపుగా వస్తాడు. అందుకని ఇంట్లో ఉండేది అత్తా కోడళ్ళిద్దరే. క్యాంటీన్ తిండి కోడలికి పడదని ఆవిడ రెండు వీధులు నడిచొచ్చి హాల్లో కాసుక్కూర్చునేది. కోడలు తలుపు తీయడం చూడగానే లేచి ఎదురెళ్ళేది. కోడలు ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే చెయ్యి చాపేది.

"నిన్న కూర ఎలా ఉంది?"

"బావుందత్తయ్యా."

"ఉప్పు సరిపోయిందా?"

"ఆఁ, సరిపోయింది."

ఆవిడ ఒక్క క్షణం మొహంలోకి చూసి, నిన్నటి ఖాళీ గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయేది.

ఒక రోజు రావాల్సిన పేషెంటు రాలేదు. చిన్న డాక్టరమ్మ కాస్త ముందుగా హాల్లోకొచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. కిటికీ పక్క కుర్చీలో, గోడకి చేరబడి, ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని, కళ్ళు మూసుకుని హాయిగా కూర్చుని ఉంది అత్తగారు.

చిన్న డాక్టరమ్మ దగ్గరికెళ్ళి నిలబడింది. ఫోన్లు చేసినవాళ్ళందరూ కళ్ళముందు మెదిలారు. పేషెంట్లని వెతికింది, పేషెంట్ల అక్కల్నీ అమ్మల్నీ కూడా వెతికింది. క్యారేజీ తెచ్చే మనిషిని మాత్రం లెక్కలోకే తీసుకోలేదు.

"అత్తయ్యా, మీరు రోజూ ఇక్కడే కూర్చుంటారా?"

ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. "ఆఁ. గాలి బాగా వస్తుంది. అదేంటో, ఎంత జనమున్నా ఇదొక్కటీ ఖాళీగానే ఉంటుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏమిటి, కూర్చోవడమా?"

"కాదత్తయ్యా."

ఆవిడ క్యారేజీ పిడిని అటూ ఇటూ తిప్పింది. పక్కనెవరైనా వింటున్నారేమోనని చూసి గొంతు తగ్గించింది. "నెలసరి ఆగిపోయి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. ఈమధ్య మళ్ళీ కనిపిస్తోంది. నొప్పేం లేదులే. నువ్వు రోజంతా ఆడవాళ్ళ గోడే వింటావు, ఇంటికొచ్చాక నాదీ ఎందుకని ఊరుకున్నా."

ఆ వయసులో కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదని చిన్న డాక్టరమ్మ ఎంతమందికి చెప్పిందో. పదిలో ఎంత అని అడగడం ఆ రోజు ఆమెకి గుర్తే రాలేదు. క్యారేజీ నేలమీద పెట్టి, అత్తగారి మోచెయ్యి పట్టుకుని, వరసలో ఉన్నవాళ్ళని "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అని బతిమాలుకుంటూ లోపలికి తీసుకెళ్ళింది.

పెద్ద డాక్టరమ్మ పరీక్షలన్నీ తనే చేసింది. కేన్సరే. కానీ గర్భసంచి లోపలి పొర దాటలేదు. "సమయానికి పట్టుకున్నాం" అంది. ఆపరేషన్ జరిగిన సాయంత్రం కిటికీ పక్క కుర్చీ మెత్త దానంతటదే పైకి లేచింది. ఆయా దాన్ని ఓ తడిగుడ్డతో తుడిచి, ఒక నిండు నెలల గర్భిణిని తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

నాలుగు మెతుకులు తినొచ్చని చెప్పిన రోజున కోడలు స్వయంగా వండి క్యారేజీ పట్టుకొచ్చింది. మంచం పక్కన మెత్త ఉన్న స్టూలు లాక్కుని కూర్చుని, ముద్దలు కలిపి పెట్టింది. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ దుప్పటిమీద పడుతోంది.

"ఫరవాలేదే, ఉప్పు వేశావు" అంది అత్తగారు.

"వెయ్యకుండా ఎలా ఉంటానత్తయ్యా?"

"నేను వెయ్యలేదుగా." ఆవిడ నెమ్మదిగా నమిలి మింగింది. "ఒంట్లో తేడా మొదలైనప్పట్నుంచీ నీ కూరలో ఉప్పెయ్యడం మానేశాను. ఏంటత్తయ్యా, ఇలా ఉంది, మీ ఒంట్లో బాగాలేదా అని అడుగుతావనుకున్నా. అడిగితే చెప్పేద్దామని. నువ్వేమో రోజూ బావుందనే అన్నావు."

కోడలి చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది. సిగ్గేసింది. సిగ్గు వేసిందని తెలియగానే భయం కూడా వేసింది, ఎందుకంటే ఏదైనా ఒకటి అనిపించి చాలా కాలమైంది. "నీళ్ళు తెస్తానత్తయ్యా" అని లేచింది.

నాలుగడుగులు వేసేసరికి వెనకనుంచి అత్తగారు పిలిచింది. "అమ్మాయ్."

వెనక్కి తిరిగింది. ఆవిడ ఒక చేత్తో పొట్ట పట్టుకుని, మంచంమీంచి కాస్త వంగి, అప్పుడే ఖాళీ అయిన స్టూలు మీద అరచెయ్యి ఆనించింది. మెత్త అడుగుదాకా కుంగిపోయి ఉంది. లేచే సూచనలేం లేవు.

కుర్చీల సంగతి ఈపాటికి ఆవిడకీ తెలుసు, చెయ్యి తియ్యలేదు. క్లాసులో వెనక బెంచీ పిల్లని దగ్గరికి పిలిచినట్టు రెండో చేత్తో రమ్మని సైగ చేసింది.

"నీళ్ళకేం తొందర లేదు, ఇలా వచ్చి కూర్చో. నీకెన్నాళ్ళ నుంచి?"

చిన్న డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. స్టూలు ఆమెని హాయిగా పట్టుకుంది. దుప్పటి అంచు నలిపి, మడతపెట్టి, మళ్ళీ విప్పింది. ఆవిడ తొందరపెట్టలేదు.

"ఆ మొదటి బిడ్డ దక్కని రోజు నుంచత్తయ్యా" అంది చివరికి.