పదిహేడో నంబరు వాక్యం

రెండువేల ఒకటి, ఫిబ్రవరి. నందిగామ పక్క ఊరి హైస్కూల్లో వాగ్దేవి సోషల్ టీచరు. ఇంగ్లిష్ పోస్టు ఖాళీగా ఉండటంతో ఎనిమిదో తరగతికి ఇంగ్లిష్ కూడా ఆమే చెబుతోంది. ప్రొబేషన్ పూర్తికావడానికి ఇంకా రెండు నెలలున్నాయి.

తనిఖీ అధికారి ఈ బడికి వచ్చే ముందు రోజు కంచికచర్లలో ఉన్నాడు. అక్కడి టీచరు ఫోన్ చేసింది.

"ఇంగ్లిష్‌లో గెట్ అనే మాట అడుగుతున్నాడు వాగ్దేవీ. ఎన్ని రకాలుగా వాడతారని. రిజిస్టరు చూసి నంబరు పిలుస్తాడు. మావాళ్లు గెటప్ దగ్గరే ఆగిపోయారు."

వాగ్దేవి గైడు ముందేసుకుని నంబరుకో వాక్యం పంచింది. ఒకటికి నిద్ర లేవడం. రెండుకి ఉత్తరం అందడం. మూడుకి జ్వరం రావడం. పదిహేడో నంబరు పుల్లమ్మకి కారెక్కడం: షి గాట్ ఇంటు ద కార్.

మర్నాడు ముప్పై రెండు మందిలో పదకొండు మంది రాలేదు. మిరప కోతలు. హెడ్మాస్టరు కుటుంబరావు ఏడో తరగతి నుంచి పదకొండు మందిని తెచ్చి ఖాళీల్లో కూర్చోబెట్టాడు. తనిఖీ అంటే ఆ బళ్లో ఎప్పుడూ చేసేదే.

"అందరికీ హాజరు వేసెయ్యమ్మా."

"వీళ్లకి వాక్యాలు రావండి."

"వీళ్లనే పిలుస్తాడా ఏంటి? నీ ప్రొబేషన్ కాగితం పంపేది నేనేగా. వెయ్యి."

వేసింది.

అధికారి నాలుగో నంబరుని పిలిచాడు, ఆ పిల్లాడు చెప్పాడు. పదకొండుని పిలిచాడు, ఆ పిల్ల చెప్పింది.

"పదిహేడు."

పుల్లమ్మ చోట కూర్చున్న ఏడో తరగతి పిల్ల లేచింది.

"పేరేంటి?"

పుల్లమ్మ అని చెప్పమని పొద్దునే నేర్పారు. పిల్ల టీచరు వైపు చూసింది.

"మర్చిపోయానండి."

ముందు బెంచీలో దేవిశ్రీ చెయ్యెత్తింది. కిరాణా కొట్టు వాళ్లమ్మాయి.

"నేను చెప్తా సార్. పుల్లమ్మ గాట్ ఇంటు ద ఆటో."

"ఏ ఆటో?"

"కోతల ఆటో సార్. పొద్దున మా కొట్టు ముందే ఎక్కింది."

"ఆటో అని టీచరు చెప్పారా?"

"కారని చెప్పారు సార్. మా ఊళ్లో కారెక్కేదెవరు సార్?"

అధికారి రిజిస్టరులో పదిహేడు మీద వేలు పెట్టాడు.

"ఈ హాజరు ఎవరేశారు?"

కుటుంబరావు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నేనేనండి," అంది వాగ్దేవి.

"ఇలాంటివెన్ని?"

"పదకొండండి."

ఎర్ర పెన్ను ఇచ్చాడు. ఆమె పదకొండు గళ్లు దిద్దింది. కింద ఆయన సంతకం పెట్టాడు.

"ప్రొబేషన్ ఎప్పటికి?"

"ఏప్రిల్‌కండి."

"ఈలోపు మళ్లీ వస్తా. కబురుండదు. అప్పుడు చూసి రాస్తా."

ఆ రోజు నుంచి రోడ్డు మీద జీపు చప్పుడైతే వాగ్దేవి పాఠం ఆపేది. బెంచీల వైపు, రిజిస్టరు వైపు చూసేది. జీపు చందర్లపాడు వైపు వెళ్లిపోయాక గాని సుద్దముక్క కదిలేది కాదు.

మార్చి ఇరవైన జీపు గేటు దగ్గర ఆగింది. రిజిస్టరులో హాజరు పంతొమ్మిది. బెంచీల మీద పిల్లలు పంతొమ్మిది. ఆయన రెండుసార్లు లెక్కపెట్టి, ప్రొబేషన్ కాగితం అడిగి సంతకం పెట్టి వెళ్లాడు. గెట్ గురించి అడగలేదు.