వరుసలో గౌతమి బక్కెట్

నీళ్ల ట్యాంకరు గౌతమిని గుద్దడం నేను కళ్లారా చూశాను.

యూనివర్సిటీలో మా అమ్మాయిల హాస్టల్ బోరు ఎండాకాలం రాకముందే ఎండిపోయింది. రోడ్డుకు అవతల ట్యాంకరు ఆగేచోట పొద్దున్నే బక్కెట్లు వరుసగా పెట్టి, టిఫిన్ తినేసి వస్తాం. ఆ రోజు గౌతమి ఎర్ర బక్కెట్ అన్నిటికంటే ముందుంది. దాని దగ్గరికే రోడ్డు దాటుతోంది. ట్యాంకరు ఆగలేదు. కాలు నుజ్జయిపోయింది. ఆటోలోకి ఎక్కిస్తుంటే ఆ పిల్ల మా అమ్మాయిలతో ఒక్క మాటే అంది.

"మే, నా బక్కెట్ తీయొద్దండి."

ఆ రోడ్డుమీద మొన్నటిదాకా స్పీడ్ బ్రేకర్లు ఉండేవి. స్నాతకోత్సవానికి వచ్చే పెద్దమనిషి కారు కుదుపులు పడకూడదని పీకేశారు. ఆయన వచ్చాడు, విలువల గురించి ఉపన్యాసం దంచాడు, పోయాడు. మళ్లీ వేయమంటే ఇంజనీరు రిజిస్ట్రార్‌ను అడగమన్నాడు, రిజిస్ట్రార్ ఇంజనీరును అడగమన్నాడు. మా చెప్పులు అరిగాయి తప్ప ఒక్క తట్ట కంకర పడలేదు.

సాయంత్రం రిజిస్ట్రార్ హాస్టల్‌కు వచ్చాడు.

"మీ భద్రతే మాకు ముఖ్యం. రేపట్నుంచి ట్యాంకరు వచ్చే టైములో గేటుకు తాళం వేయిస్తాం."

"మరి నీళ్లు యెవురు పట్టుకోవల్ల సార్?" రెబెకా లేచింది. పామిడి ఊరి పిల్ల, కూలి చేసుకునేవాళ్ల బిడ్డ. "లారీని ఆపకుండా మాకు తాళమేస్తారా? గుద్దింది మేమా?"

"డ్రైవర్ను అరెస్టు చేశారు కదమ్మా."

నాకు ఒళ్లు మండింది. డ్రైవరు లోపల, ట్యాంకర్ల కాంట్రాక్టరు బయట! చెప్పినన్ని ట్రిప్పులు వేయకపోతే బండి దిగిపొమ్మని డ్రైవర్లను తరిమేది ఆ కాంట్రాక్టరే.

రిజిస్ట్రార్ వెళ్లాక మెస్ హాల్లో అందరం గుమిగూడాం.

"లారీ అద్దాలు పగలగొడదాం!" ఆశ్రిత అరిచింది.

"కాంట్రాక్టరు డ్రైవరు జీతంలో కోసి కొత్తవి ఏసుకుంటాడు," అంది రెబెకా.

"అయితే మళ్లా అర్జీ ఇస్తావా?"

"అర్జీల మొగమే చూడను," అంది రెబెకా. "గౌతమి బక్కెట్ యాడుండాది?"

"వరుసలోనే ఉండాది. యెవురూ ముట్టలేదు," అంది ఆశ్రిత.

"ఆ వరుసనే రోడ్డుమీదికి జరుపుదాం," అంది రెబెకా.

మర్నాడు పొద్దున్నే గేటుకు తాళం పడకముందే బయటికొచ్చి, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా బక్కెట్లు పేర్చాం. మొదట ఎర్రది. వెనకాలే కూర్చున్నాం. అబ్బాయిల హాస్టల్ వాళ్లూ బక్కెట్లు పట్టుకుని వచ్చారు. ట్యాంకరు వచ్చింది. లారీ అదే, డ్రైవరు కొత్తవాడు. కంబదూరు నుంచి వచ్చిన తిప్పేష్. ఇన్నాళ్లకు ఆ లారీ మనుషుల్ని చూసి ఆగింది.

"దారి ఇడ్సండమ్మా. ఓనరు నన్ను పనిలోంచి తీసేస్తాడు."

"నీ ముందర ఇదే బండి తోలినాయన జైల్లో ఉండాడన్నా. రేపు నువ్వు," అంది రెబెకా. "బ్రేకర్లు ఏసేదాకా లేయము."

పోలీసులు వచ్చారు. ఒక కానిస్టేబుల్ ఎర్ర బక్కెట్ మీద చెయ్యి వేశాడు.

"అది ముట్టద్దు సార్!" రెబెకా అడ్డుపడింది. "గౌతమిది. ఆసుపత్రిలో ఉండాది. బక్కెట్ పెట్టినాక మనిషి ఉన్నట్టే."

ఆ చెయ్యి ఆగింది. ఎస్సై కేకలు ఆగలేదు. రెబెకాను, నన్ను, ఇంకొందరిని ఈడ్చి వ్యాన్లో పడేశారు. మేం లేచిన చోట వేరేవాళ్లు కూర్చున్నారు.

వ్యాన్ కదులుతుంటే తిప్పేష్ లారీ దిగాడు. జేబులో ఫోను మోగుతూనే ఉంది, తీయలేదు. ట్యాంకరు కొళాయికి వేలాడే తన బక్కెట్ విప్పి తెచ్చి, ఎర్ర బక్కెట్ ముందు పెట్టాడు.

రెబెకా వ్యాన్ కమ్మీలు పట్టుకుని గొంతు చించుకుంది.

"ఓ తిప్పేషన్నా! ముందర కాదు, అది గౌతమి వంతు! ఎనక్కి పో!"

అతను నాలుక కరుచుకుని, బక్కెట్ తీసుకుపోయి వరుస చివర పెట్టి, దాని వెనక కూర్చున్నాడు.